గుమ్మపాల జ్వరం

పెళ్లి భోజనాల్లో పెరుగు వడ్డించే మనిషి నా దగ్గరికి వచ్చేసరికి నేను విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడతాను. అప్పటిదాకా మాంసం వద్దన్నా, గుడ్డు వద్దన్నా పట్టించుకోనివాళ్లు కూడా అప్పుడు తల తిప్పి చూస్తారు. "ఏంది, పెరుగు గూడ తినవా? ఏమన్న మొక్కున్నదా?" అంటారు. మొక్కు లేదంటాను. "షుగరా?" షుగర్ కూడా లేదంటాను. "మరేంది?" అసహ్యం, అంటాను. పక్కావిడ తన పెరుగన్నం వైపు ఒకసారి చూసుకుని, నా వైపు అదోలా చూసి, కుర్చీ కాస్త అటు జరుపుకుంటుంది.

నాకు మెత్తగా చెప్పడం రాదు. మా ఆయన శ్రీశైలం ఎన్నిసార్లో నేర్పాడు. "కడుపుకు పడదని చెప్పరాదు? ఒక్క మాటతోని ఒడుస్తది" అంటాడు. పడకపోవడం వేరు, అసహ్యం వేరు. నాకు పాలు బాగానే పడేవి. గ్లాసుల కొద్దీ పడేవి. అదే నా ఖర్మ.

ఇదంతా జరిగి ఏళ్లయింది. మా చిన్ని ఇప్పుడు బడికి వెళ్తోంది. తెలంగాణ వచ్చింది. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి, ఆ దుమ్ము మా వంటింటి గిన్నెల దాకా వస్తోంది. నా ఒంట్లో ఆ జ్వరం ఆనవాలు లేదు. అయినా మొన్న మా పక్క వీధిలో ఒక బాలింతరాలికి రోజూ సాయంత్రం జ్వరం వస్తోందని తెలిసింది. చూడ్డానికి వెళ్తే ఆ బాలింత వాళ్లమ్మ గుమ్మంలో నురుగు పాల చెంబుతో ఎదురొచ్చింది. అక్కడే నిలబడి, తాగించొద్దని అరిచాను. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి తలుపేసుకున్నారు. అరిస్తే ఎవరూ వినరు గనక కూర్చుని రాస్తున్నాను.

ఎండాకాలం

చిన్ని ఏప్రిల్ ఎండల్లో పుట్టింది. అప్పుడు మేం నాచారంలో, ఫ్యాక్టరీల వెనక కాలనీలో, రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. శ్రీశైలానికి పైపుల ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. నేను కాన్పు ముందు దాకా ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా అమ్మ లేదు. అందుకని నన్ను చూసుకోవడానికి మా అత్తమ్మ ఆలేరు దగ్గర ఊరి నుంచి మూట కట్టుకుని వచ్చింది.

కాన్పు చేసిన నర్సు గుంటూరు వైపు మనిషి. పెద్ద గొంతు. "మొదటి పాలు పిండి పారబోశారంటే ఊరుకునేది లేదు. ముర్రుపాలమ్మా అవి. పసిదానికి అంతకంటే రక్ష ఇంకోటి లేదు" అని మంచం దగ్గర నిలబడి అత్తమ్మకు వార్నింగ్ ఇచ్చింది. అత్తమ్మ గొణుక్కుంది గానీ పారబోయలేదు.

చిన్ని తిండిపోతు. కళ్లు తెరవకుండానే నోరు వెతుక్కునేది. పట్టుకుందంటే వదలదు. తాగి తాగి, మూతి పక్కన పాలు కారుతుండగా అలాగే నిద్రపోయేది. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత గర్వపడలేదు. తర్వాతి నెలల్లో నా చేతిలోంచి జారిపోబోయింది అదే. జ్వరంతో చచ్చిపోతానని నేను భయపడింది తక్కువ. నా బిడ్డ మళ్లీ నా దగ్గర తాగదేమోనని భయపడిందే ఎక్కువ.

అత్తమ్మ వచ్చిన మర్నాటి నుంచే గుమ్మపాలు మొదలయ్యాయి. పొదుగులోంచి పిండిన పాలు, వేడి ఆరకముందే తాగితే గుమ్మపాలు. మా ఇంటి వెనక, నాలా ఒడ్డున మల్లేశ్ అనే అతని బర్రెల కొట్టం ఉండేది. అత్తమ్మ తెల్లారగానే చెంబు పట్టుకుని పోయేది. పిండించుకుని, చెంబు మీద కొంగు కప్పి, వేడి పోకుండా దాదాపు పరుగున వచ్చేది. పైన నురుగు. నురుగులో ఒక్కోసారి నల్లటి వెంట్రుక. అత్తమ్మ వేలితో తీసి పారేసి, "తాగు బిడ్డా" అనేది.

"కాచి ఇయ్యరాదు అత్తమ్మా" అన్నాను మొదటి రోజు.

"పొదుగుల కాగినయే గదనే. వేడిగనే ఉన్నయి సూడు. మళ్ల పొయ్యి మీద పెడితే బలమంత పోతది. నా ఇద్దరు కొడుకులకు నేను గిట్లనే తాగి పాలిచ్చిన."

ఆ వేడి పాల వాసన నాకింకా గుర్తుంది. పచ్చిగడ్డి, పేడ, చెమట కలిసిన వాసన. ముక్కు మూసుకుని తాగేదాన్ని. ఆమె పరుగున తెచ్చిన దాన్ని వద్దనడానికి మనసొప్పేది కాదు.

జూన్‌లో మల్లేశ్ కొత్త బర్రె ఒకటి నెలలు నిండకుండానే ఈనింది. వాడు పెద్ద టిఫిన్ నిండా జున్నుపాలు పంపాడు. అత్తమ్మ బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించింది. నేను పళ్లెం ఖాళీ చేసి, వేళ్లు కూడా నాకాను. జున్నుపాలంటే ముర్రుపాలే. నర్సు కేకలేసి మరీ నా బిడ్డకు దక్కించిన పాల వంటివే. ఆ రోజు ఆ సంగతి తట్టలేదు.

బోనాల నెల

జ్వరం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. పొద్దున బాగానే ఉండేదాన్ని. సాయంత్రం కుళాయి నీళ్లొచ్చే వేళకు నడుము విరిగినట్టయ్యేది. తర్వాత చలి. తర్వాత చెమట. మామూలు చెమట కాదు, పరుపు దాకా తడిసేది. దానికి తోడు పాలతో తడిసిన జాకెట్టు. పులిసిన మజ్జిగ వాసన నా ఒంట్లోంచే వస్తుంటే నన్ను నేను భరించలేకపోయేదాన్ని. యాక్, ఎన్ని నీళ్లు పోసుకున్నా పోయేది కాదు.

వీధి చివర డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఏఎస్ రావు నగర్‌లో ఇంకో డాక్టరు మలేరియా కావచ్చన్నాడు. వాళ్ల వరండాల్లో కూర్చున్న గంటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫినాయిల్ వాసన, గోడ మీద ఎర్రటి పాన్ మరకలు, తిరగని ఫ్యాను. ఎదురుగా ఒకాయన దగ్గి, రుమాల్లోకి ఉమ్మి, ఆ రుమాలు విప్పి తీరిగ్గా పరిశీలించేవాడు. నేను చిన్నిని కొంగు కింద దాచుకుని గోడకేసి తిరిగి పాలిచ్చేదాన్ని.

ఏఎస్ రావు నగర్ డాక్టరు ఒక మంచి ప్రశ్న అడిగాడు. "పచ్చిపాలు ఏమైనా తాగుతారా?" అని. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"ఛ! పచ్చిపాలు ఎవలు తాగుతరు సారూ? మా ఇంట్ల రెండు పొంగులు రానిదే దించం."

అబద్ధం కాదు. చాయ్ పాలు, పెరుగు పాలు ఆమె రెండు పొంగులు రానిదే దించేది కాదు. గుమ్మపాలు మాత్రం ఆమె దృష్టిలో పచ్చివి కావు. పొదుగులో కాగి వచ్చినవి. నేనూ తల ఊపాను. జ్వరంతో బుర్ర పనిచేయలేదో, లేక ఆమె మాట నాకూ ఒంటబట్టిందో తెలియదు. డాక్టరు ఆ సంగతి అక్కడితో వదిలేశాడు.

మాత్రలకు జ్వరం తగ్గేది. తగ్గగానే అత్తమ్మ, "పిల్ల నీరసపడ్డది" అని గుమ్మపాలు ఒక పూట నుంచి రెండు పూటలకు పెంచింది. నేను ఇంకా తాగేదాన్ని. మళ్లీ జ్వరం. ఈసారి మోకాళ్లు, భుజాలు కూడా నొప్పి. చిన్నిని ఎత్తుకోవాలంటే ముందు గోడకు ఆనుకోవాల్సి వచ్చేది.

బోనాల రోజున వీధంతా డప్పులు మోగుతుంటే నేను మంచం మీద దుప్పటి కప్పుకుని చలికి వణుకుతున్నాను. అత్తమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. శ్రీశైలం షిఫ్టులు ఎగ్గొట్టి ఎగ్గొట్టి ఫ్యాక్టరీలో మాట పడి వచ్చాడు. వచ్చీ రాగానే తల్లీకొడుకులకు పడింది.

"జరమున్నోళ్ల పాలు బిడ్డకు మంచియి కావురా. బిడ్డకు బర్రె పాలు పడుదాం" అంది అత్తమ్మ.

"డాక్టర్ చెప్పలే గద అమ్మా."

"డాక్టర్ కన్నడా, నేను కన్ననా?"

నేను చిన్నిని గట్టిగా పట్టుకుని గోడకేసి తిరిగాను. ఎవరైనా దాన్ని లాక్కుంటే కొరుకుదామన్నంత కోపంగా ఉంది.

ఆస్పత్రి

చివరికి ఉప్పల్ దాటి పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడొక పెద్దావిడ డాక్టరు. నడుము నొప్పి, చెమటలు, వచ్చిపోయే జ్వరం అంతా విని, ఇంకోలా అడిగింది. "దగ్గర్లో గేదెలున్నాయా? పిండిన పాలు అప్పటికప్పుడు ఎవరైనా ఇస్తారా మీకు?"

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇస్తమమ్మా! నా చేతుల మీదనే, రెండు పూటల. ఒక్క దినం తప్పలే."

డాక్టరు కలం కింద పెట్టింది. అత్తమ్మ ఇంకా చెప్తూనే ఉంది, పరుగున ఎలా తెస్తుందో, కొంగు ఎలా కప్పుతుందో. శ్రీశైలం మెల్లగా తల్లి భుజం మీద చెయ్యేసి, "ఊకో అమ్మా" అన్నాడు.

రక్త పరీక్షలో ఆవిడ అనుమానమే నిజమైంది. పశువుల రోగం. పశువుకు వస్తే నెలలు నిండకుండా ఈనుతుందట, లేదా దూడ బతకదట. ఆ పాలు కాచకుండా తాగితే మనిషికి ఇలా అవుతుందట. నా కడుపులోకి ఏం పోసుకున్నానో అప్పుడు తెలిసింది. బకెట్ పట్టుకుని కూర్చుని కక్కాను. వచ్చింది నీళ్లే.

చిన్ని రక్తం కూడా తీశారు. ఆ ఫలితం వచ్చేదాకా నేను మనిషిని కాదు. ఏమీ లేదన్నారు. బతికాను అనుకునేలోపు డాక్టరు ఇంకో మాట చెప్పింది. "ఈ మందులు వారాల తరబడి వాడాలి. అన్నాళ్లూ బిడ్డకు మీ పాలు వద్దు."

"మళ్లీ ఇవ్వొచ్చా మేడం, తర్వాత?"

"పాలు ఎండిపోకపోతే, పాప పడితే, ఇవ్వొచ్చు. పిండి పారబోస్తూ ఉండండి."

చిన్నిని ఇంటికి తీసుకుపోయారు. వార్డులోకి పసిపిల్లల్ని రానివ్వరు. రాత్రికి రొమ్ములు రాళ్లయ్యాయి. తాకితే ప్రాణం పోయేది. బాత్‌రూంకు గడియ లేదు. పక్క మంచం అమ్మాయికి తోడుగా వచ్చిన మేడిపల్లి ముసలమ్మ ఒకామె నా వెనకే వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "నువ్వు పిండుకో బిడ్డా. ఎవడొస్తడో సూస్త" అంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె నాకు ఆ కాపలా కాసింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

ఆ వాష్ బేసిన్‌లో ఎవరివో వెంట్రుకలు, ఎవరో ఉమ్మిన మందు బిళ్ల. దాని మీద నా పాలు. తెల్లగా జారి, జాలీలో చిక్కుకుని, నిలిచిపోయేవి. నా బిడ్డ నోట్లో పడాల్సినవి. నీళ్లు తిప్పేసి కళ్లు మూసుకునేదాన్ని.

రోజులు గడిచేకొద్దీ పాలు తగ్గాయి. ఎంత పిండినా చుక్కలు. ఆ సంగతి శ్రీశైలం ఇంట్లో చెప్పినట్టున్నాడు. మర్నాడు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ఇచ్చాడు. లోపల చిన్ని జుబ్బా, ఉతకనిది.

"అమ్మ పంపింది. వాసన సూడుమన్నది. చేపుకొస్తదంట."

బిడ్డను చూస్తేనో, ఏడుపు వింటేనో రొమ్ములో జివ్వుమని పాలు దిగడాన్ని మా వైపు చేపు అంటారు. తల్లికీ, పశువుకీ అదే మాట. నేను బాత్‌రూంలోకి పోయి ఆ జుబ్బాలో ముఖం పెట్టుకున్నాను. కక్కిన పాల వాసన, కొబ్బరినూనె వాసన, చిన్ని మెడ మడతల వాసన. ముసలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. పాలు వచ్చాయి. జాకెట్టు తడిసి బొట్లు నేల మీద పడ్డాయి. నేను అత్తమ్మను తిట్టుకున్న తిట్లన్నీ ఆ క్షణంలో వెనక్కి తీసుకున్నాను. ఎంత ఏడ్చానో నాకే తెలియదు.

కొట్టం

ఇంటికొచ్చాక కూడా మందులు ఇంకా నడుస్తున్నాయి. చిన్ని సీసాకు అలవాటు పడింది. అత్తమ్మ మల్లేశ్ ఇంటికి తెచ్చి పోసే పాలే, ఇప్పుడు మాత్రం మూడు పొంగులు రానిచ్చి, నీళ్లు కలిపి పట్టేది. నేను అదే గదిలో ఇంకో మూల కూర్చుని జుబ్బా వాసన చూసుకుంటూ గిన్నెలోకి పిండి పారబోసేదాన్ని. నా బిడ్డ నా కళ్ల ముందే ఇంకొకరి పాలు గుటక గుటక తాగుతుంటే నేను నా పాలు మోరీలో పోస్తున్నాను. దీనికంటే చండాలం ఇంకేముంటుంది అనుకున్నాను. ఇంకా ఉందని తర్వాత తెలిసింది.

బర్రెలకు పరీక్ష చేయించమని మల్లేశ్‌కు చెప్పాలని డాక్టరు అన్నది. అత్తమ్మ చెప్పనంది. "వాడేమనుకుంటడు?" అంది. ఒక మధ్యాహ్నం పాలు పిండే వేళకు నేనూ శ్రీశైలం పోయాం. నేను అన్ని నెలలు ఆ పాలు తాగానే గానీ కొట్టం గడప తొక్కింది అదే మొదలు.

లోపల పాదాలు మునిగేంత పేడ, మూత్రం. బర్రెలు మెడలు తిప్పలేనంత ఇరుగ్గా కట్టేసి ఉన్నాయి. మేత మూసీ ఒడ్డు గడ్డి. పచ్చగా నిగనిగలాడుతోంది గానీ ముక్కు దగ్గర పెడితే ఊరి మురుగు కంపు. గోడ సందులో, పాల కోసం బర్రెలకు పొడిచే సూది మందు సీసా, సిరంజి. ఈగలు నా పెదాల మీద వాలాయి. థూ అని ఉమ్మి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"రా అక్కా, మంచిగున్నవా ఇప్పుడు?" అన్నాడు మల్లేశ్. మంచి మనిషే. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా ఇంటికి రెండుసార్లు వచ్చి అడిగిపోయాడట.

శ్రీశైలం పరీక్షల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. "సూద్దాం తియ్యన్నా" అంటూనే మల్లేశ్ గోడకున్న మేకు నుంచి ఒక వస్తువు దించాడు. మొదట పాత గోనె సంచి అనుకున్నాను. నాలుగు కర్ర కాళ్లు కనిపించాయి. దూడ. దూడ కాదు, దూడ తోలు. లోపల గడ్డి కుక్కి, పొట్ట దారంతో కుట్టేశారు. కళ్లుండాల్సిన చోట బొక్కలు. ఒక బొక్కలోంచి గడ్డిపోచ బయటికొచ్చి ఉంది. వెన్ను మీద వెంట్రుకలు ఊడి బోడిగా, తడిగా మెరుస్తోంది. కుట్ల దగ్గర తెల్లటి పురుగులు.

వాడు దాని వీపు మీద ఉప్పు చల్లి బర్రె ముందు నిలబెట్టాడు. బర్రె మూలిగింది. నాలుక చాచి నాకడం మొదలుపెట్టింది. నుదురు నాకింది, ఆ బొక్కలు నాకింది, కుట్లు నాకింది. నాకుతూ నాకుతూ వెనక కాళ్లు ఎడంగా పెట్టింది.

"సేపుకొచ్చింది" అన్నాడు మల్లేశ్. బకెట్ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇదేంది మల్లేశ్?"

"దీని దూడనే అక్కా. పోతు దూడ. నెలలు నిండకముందే ఈనింది గద, నిలవలే. దూడ లేకుంటే ఇది చుక్క ఇడువది. ఏం జెయ్యాలె మరి? మీరు జున్ను తిన్నరు గద, గదే బర్రె."

పాలు బకెట్లో జల్లుమని పడుతున్నాయి. బర్రె ఆ తోలును వదలకుండా నాకుతోంది. దాని ముక్కులోంచి వచ్చిన శబ్దం నాకు తెలుసు. జుబ్బాలో ముఖం పెట్టుకుని నేను చేసిన శబ్దమే అది. ఎక్కడ కక్కానో కూడా చూసుకోలేదు, శ్రీశైలం చెప్పుల మీద పడింది. పొద్దున తిన్న పెరుగన్నం. ఆ ముద్దలు చూసి మళ్లీ కక్కాను.

"ఇంకా నీరసమున్నట్టుంది అన్నా. గుమ్మపాలు పంపియ్యాల్నా?" అన్నాడు మల్లేశ్, పాపం.

ఇంటికొచ్చి జుబ్బా బకెట్లో పడేసి సబ్బు పెట్టి ఉతికాను. నాలుగు నీళ్లలో జాడించాను. దాని వాసన చూసి నేను సంతోషపడ్డ రోజులన్నీ గుర్తొచ్చి, చేతులు కూడా సబ్బుతో కడుక్కున్నాను.

ఆ రోజు నుంచి నా నోట్లోకి పాలు పోలేదు. పెరుగు, నెయ్యి, చాయ్, అన్నీ. మాంసం, గుడ్డు సంగతి ఇక అడిగేదేముంది. కోడి కూర కుండలో తోలు చూసినా నాకు ఆ కుట్లే కనిపించేవి. పశువుల నుంచి వచ్చేదేదీ తిననివాళ్లను వేగన్ అంటారని నాకప్పుడు తెలియదు. ఆ మాట తర్వాతెప్పుడో మా బడిలో కంప్యూటర్ టీచరు చెప్పింది. నాది సిద్ధాంతం కాదు. ముద్ద గొంతు దిగలేదు, అంతే.

బతుకమ్మ ముందు

ఇంట్లో యుద్ధం. కొట్టంలో చూసింది చెప్తే అత్తమ్మ ఆశ్చర్యపడలేదు. "దూడ సస్తే గట్లనే జేస్తరు. నేను పుట్టినకాడ్నుంచి సూస్తున్న. కొత్తనా?" అంది. ఆమెకు కోపం వచ్చింది వేరే దానికి.

"పాలే బంద్ జేస్తే నీకు పాలెట్ల పడ్తయే? బిడ్డకు మళ్ల ఇస్తనని కూసున్నవు. చుక్క మిగలదు సూడు."

నాకున్న భయం కూడా సరిగ్గా అదే. అయినా నోరు ఊరుకోదు గదా. "బర్రె పాలు తాగుతదా అత్తమ్మా? గడ్డి తినే ఇస్తున్నది గద."

"నువ్వు బర్రెవా?"

"ఏమో మరి. మీరందరు నన్ను అట్లనే సూసుకున్నరు గద ఇన్ని దినాలు."

ఆ మాట అనకూడదు. అనేశాను. అత్తమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. శ్రీశైలం కంచం ముందు నుంచి లేచిపోయాడు. తర్వాత చాలా సేపటికి వచ్చి, "మటన్ అంటే సరే. పెరుగేం జేసిందే నిన్ను?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

పై వాటాలో వరలక్ష్మి గారుండేవారు. భీమవరం వాళ్లు. ఆవిడ మొదట, "నెయ్యి లేకుండా ముద్ద ఎలా దిగుతుందమ్మా, నోరు ఎండిపోదూ?" అని దీర్ఘాలు తీశారు. మర్నాటి నుంచి మాత్రం రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టి మెట్లు దిగేవారు. నువ్వుల పచ్చడి, మునగాకు వేపుడు, వెల్లుల్లి కారం, కొబ్బరిపాలు పోసిన పులుసు. "మా అమ్మ నాకు పెట్టినవేనమ్మా. పాలు ఎందుకు పడవో చూద్దాం" అనేవారు. నేను తిన్నాను. జుబ్బా లేకుండా, కళ్లు మూసుకుని, గిన్నె ముందు కూర్చుని పిండుకున్నాను. కొన్ని పూటలు గిన్నె అడుగు కూడా తడవలేదు. అయినా మానలేదు.

వీధిలో ఆడవాళ్లు తంగేడు పూలు తెచ్చుకుంటున్న రోజుల్లో మందులు అయిపోయాయి. డాక్టరు మళ్లీ పరీక్ష చేసి, ఇక పాలు ఇవ్వొచ్చంది. ఆటోలో నేను శ్రీశైలం చెయ్యి పట్టుకుని తొందరపెట్టాను. ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా చిన్నిని ఒళ్లోకి తీసుకున్నాను.

అది ముఖం తిప్పుకుంది.

మళ్లీ పెట్టాను. వెనక్కి విరుచుకుని, నన్ను పిడికిళ్లతో కొట్టి, ఊరంతా వినబడేలా ఏడ్చింది. రొమ్ము చూస్తేనే భయపడింది. అత్తమ్మ సీసా పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. చివరికి నేనే దాన్ని అత్తమ్మకు ఇచ్చేశాను. చిన్ని సీసా లాక్కుని, వెక్కుతూ తాగింది. ఆ తెల్లటి పాలు ఎలా పిండారో నాకు తెలుసు. తోలు నాకించి పిండిన పాలు నా బిడ్డ గొంతులో గుటకలు పడుతుంటే, నేను చెవులు మూసుకుని స్నానాల గదిలో కూర్చున్నాను. నా మీద నాకు, ఆ సీసా మీద, ఆ కొట్టం మీద, ఈ లోకం మీద అసహ్యం పుట్టింది.

ఇలా చాలా పూటలు జరిగింది. "ఇడిసిపెట్టే. బిడ్డను ఎందుకు ఏడిపిస్తవు? సీసతోని మంచిగనే పెరుగుతది" అన్నాడు శ్రీశైలం. కోపంగా కాదు, అలిసిపోయి. "ఇడిసిపెట్ట" అన్నాను. అత్తమ్మ నన్ను గమనిస్తోందని మాత్రం నాకు తెలుసు.

ఒక పొద్దున చిన్ని సగం నిద్రలో కదిలింది. నేను పక్కనే పడుకుని ఉన్నాను. లేపలేదు, బుజ్జగించలేదు, ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. అది కళ్లు తెరవకుండానే నోటితో వెతుక్కుంది. తగిలింది. ఆగింది. నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. పట్టుకుంది. మొదట ఏమీ రాలేదు. చిన్ని విసుగ్గా మూలిగింది, వదిలేస్తుందనుకున్నాను. అప్పుడు భుజం దగ్గర నుంచి జివ్వుమంది. చిన్ని గొంతులో గుటక శబ్దం విన్నాను. తర్వాత ఇంకోటి.

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చేతిలో కడిగిన సీసా ఉంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అదే సమయానికి బయట క్యాన్ల చప్పుడయింది. "పెద్దమ్మా, పాలు!" అని మల్లేశ్ కేకేశాడు.

అత్తమ్మ విసురుగా తలుపు తీసింది. ఆ గొంతులో అంత పొగరు నేనెప్పుడూ వినలేదు.

"వద్దు పోరా! ఇగ రేపట్నుంచి మాకు పొయ్యకు. నా కోడలికి పాలున్నయి, నా మనవరాలు తాగుతున్నది. నీ బర్రె పాలు దాని బిడ్డకే పొయ్యి."

మల్లేశ్ నవ్వాడు. వెటకారమేమీ లేదు అందులో.

"దాని బిడ్డ ఏడున్నది పెద్దమ్మా?"

క్యాన్ల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది. అత్తమ్మ మెల్లగా తలుపు దగ్గరికి వేసి, వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. చిన్ని తాగుతూనే ఉంది.